పక్షి హోదాలో తవిటినాయుడు

తవిటినాయుడికి పెళ్ళి కుదిరిన వారంలోనే ఆఫీసుకి రెండు కెమెరాలు వచ్చాయి. ఈ రెండింటికీ ముడి పడుతుందని ఆ పూట ఎవరైనా అని ఉంటే, పాపం ఎండదెబ్బ తగిలిందనుకుని తవిటినాయుడు వాళ్ళకి మజ్జిగ ఇచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టేవాడు.

ఆఫీసంటే నీలాలవలస జలపక్షి సంరక్షణ మండలి. ఊరి పక్కనే బీల ఉంది, ఏడాదంతా మడమల లోతు నీళ్ళు నిలిచే పల్లం. చలికాలం రాగానే ఎక్కడెక్కడి కొంగలూ గూడబాతులూ వచ్చి అక్కడ వాలతాయి. వాటిని కాపాడటం మండలి పని. అవి తమ పని తాము చక్కగా చూసుకుంటాయి గనక మండలికి తీరిక దండిగా ఉండేది. ఆ తీరికలో గేటు పక్కన పెద్ద పచ్చ బోర్డు పెట్టించి మూడు నియమాలు రాయించారు. ఒకటి, పక్షులకు యాభై మీటర్ల కంటే దగ్గరగా ఎవరూ వెళ్ళరాదు. రెండు, పక్షులను పట్టుకోరాదు, తరలించరాదు, ప్రైవేటు వ్యక్తులు వాటికి ఆహారం పెట్టరాదు. మూడు, జతకట్టి గూడు పెట్టుకున్న పక్షులకు, పిల్లలు ఎగిరిపోయేదాకా, ఏ విధమైన ఆటంకమూ కలిగించరాదు.

ఆ బోర్డుకి ఎదురుగానే బస్సు ఆగుతుంది. ఆ బస్సు కండక్టరు నీలవేణి, తవిటినాయుడి మేనమామ కూతురు. జనం ఎక్కేలోపు బోర్డు చదివి చదివి ఆ పిల్లకి మూడు నియమాలూ నోటికొచ్చేశాయి. మండలిలో అలా నోటికొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. తవిటినాయుడు మండలిలో జూనియర్ అసిస్టెంటు. పొడుగ్గా, బక్కగా, నిలబెట్టిన చోట నిలబడే మనిషి. టవున్లో ఏ పనీ లేకపోయినా రోజూ సాయంత్రం టిక్కెట్టు కొని ఆ బస్సెక్కి, చివరిదాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చేవాడు.

కొన్నాళ్ళు చూసి నీలవేణే అడిగింది. "బావా, నీకు టవున్లో ఏటి పని?"

"ఏటీ లేదు."

"మరి మా నాన్నతోటి మాటాడొచ్చు కదేటి? ఈ టిక్కెట్లు దండగ."

అలా మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. తవిటినాయుడికి అప్పట్నుంచీ కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ తరవాత ఆనింది బురదలో.

మండలి సంచాలకులు చిదానందం గారికి ఫైలు భాష తప్ప మరో భాష రాదు. ఇంట్లో కూడా భార్యతో "సాంబారునందు ఉప్పు లోపించియున్నది, తగు చర్య నిమిత్తం" అంటారని చెప్పుకునేవారు. ఆయన సిబ్బందిని సమావేశపరిచి గొంతు సవరించుకున్నారు.

"పక్షుల గణన నిమిత్తం ఛాయాచిత్ర పరికరము ఒకటి సమకూర్చుకొనవలసియున్నది. కంపెనీ వారు పరిశీలనార్థం రెండు పంపియున్నారు. వీటిలో ఏది శ్రేష్ఠమో తేల్చుటకు తులనాత్మక పరిశీలనా కమిటీ నియమించడమైనది."

ఒకటి సూపర్‌జూమ్ కెమెరా. జేబులో పట్టేంతే ఉంటుంది గానీ, మీట నొక్కితే ముక్కు సాగి సాగి బీల అవతలి గట్టు మీది కొంగ కంట్లో నలుసు కూడా చూపిస్తుంది. రెండోది మిర్రర్‌లెస్ కెమెరా, ఆ రకంలో అన్నిటికంటే చవకది. లెన్సు ఊడదీసి మార్చుకోవచ్చు, మసక వెలుతుర్లో కూడా బొమ్మ నిగనిగలాడుతూ వస్తుంది. కాకపోతే దాంతోపాటు వచ్చిన చిన్న లెన్సుతో తీస్తే దూరపు కొంగ ఆవగింజంత పడుతుంది. ఇంగితం ఉన్నవాడెవడైనా "మన కొంగలు దూరంగా ఉంటాయి, మొదటిది పుచ్చుకోండి, లేదా రెండోదానికి పెద్ద లెన్సు కొనండి" అని చెప్పేసి టీకి వెళ్ళిపోతాడు. అందుకే కమిటీలో అలాంటివాళ్ళని వేయలేదు.

వేసింది ఇద్దర్ని. ఉప సంచాలకులు త్రివిక్రమరావు గారు సూపర్‌జూమ్ పక్షం. ఆయన కుర్చీలోంచి లేచి చాలాకాలమైంది. కిటికీలోంచి జూమ్ లాగి బీల అంతా చూసి, "ఆహా! ఆసీనులమై ఉండియే ప్రకృతిని పరిరక్షించవచ్చును" అని మురిసిపోయారు. సాంకేతిక సలహాదారు వైకుంఠం గారు మిర్రర్‌లెస్ పక్షం. ఆయన సెన్సరు అన్న మాట మంత్రంలా వాడేవారు.

"మీ దాంట్లో సెన్సరు చిటికెన వేలి గోరంత. పొద్దు వాలితే మీ కొంగ ముఖాన ఇసక చల్లినట్టుంటుంది," అన్నారు వైకుంఠం గారు.

"ముఖమంటూ ఉంది గదా. మీ దాంట్లో కొంగ ఏదండీ?"

"అదిగో, ఆ మూల తెల్లగా ఉంది, చూడండి."

"అది వాచ్‌మన్ ఆరేసుకున్న బనీను!"

సంచాలకులు ఇద్దర్నీ చేత్తో వారించి, "పోలిక సమాన పరిస్థితులయందే జరుగవలెను" అని తీర్పు చెప్పారు. అక్కణ్ణుంచీ మొదలైంది తద్దినం. ముందుగా, మిర్రర్‌లెస్ అంటే అద్దం లేనిదని తెలిసి, అద్దం లేకుండా సరుకు ఎందుకు తీసుకున్నారని స్టోర్సు వాళ్ళకి మెమో వెళ్ళింది. తర్వాత లెన్సు సంగతి వచ్చింది. ఒకదానికి ఊడుతోంది, రెండోదానికి ఊడటం లేదు. ఇది అసమానం. సూపర్‌జూమ్ లెన్సు ఊడపీకడానికి స్క్రూడ్రైవరు తెప్పించారు గానీ, కంపెనీవాళ్ళది గదా అని జంకి, మిర్రర్‌లెస్‌ని లెన్సు లేకుండా వాడి చూశారు. బొమ్మ అంతా బూడిదరంగులో వచ్చింది. "మబ్బు బహు సహజముగా వచ్చియున్నది" అని సంచాలకులు మెచ్చుకున్నారు.

అసలు చిక్కు కొంగ దగ్గర వచ్చింది. రెండు కెమెరాలతోనూ ఒకే కొంగని, ఒకే చోట, ఒకే భంగిమలో తీయాలి. త్రివిక్రమరావు గారు తీసేదాకా బుద్ధిగా నిలబడ్డ ఎర్రకాళ్ళ కొంగ వైకుంఠం గారి వంతు రాగానే రెక్కలు విదిల్చి అవతలికి పోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పక్షపాతం చూపిస్తోందని వైకుంఠం గారు కొంగ మీద లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు.

సంచాలకులు ఆలోచించారు. "పక్షి ప్రభుత్వ సేవకుడు కాదు గావున దానిపై క్రమశిక్షణా చర్యకు అవకాశం లేదు. కానీ ప్రభుత్వ సేవకుని పక్షిగా నియమించుటకు అభ్యంతరమేమి?"

ఇద్దరు సభ్యులూ ఒక్కసారిగా గది అంతా కలయజూశారు. గుమ్మం పక్కన ఫైలు పట్టుకుని, ఎంతసేపట్నుంచో కదలకుండా, ఒంటికాలి మీద బరువు వేసి నిలబడి ఉన్నాడు తవిటినాయుడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. "జూనియర్ అసిస్టెంటు శ్రీ తవిటినాయుడు తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు పక్షి హోదాలో బీలయందు విధులు నిర్వర్తించవలెను. సదరు హోదాకు వర్తించు నియమములన్నియు వర్తించును."

మొదట్లో తవిటినాయుడికి బాగానే ఉంది. ఫైళ్ళు లేవు, చల్లగాలి, చుట్టూ కొంగలు. అవి కూడా అతన్ని కాసేపు పక్కచూపులు చూసి, మనోడేలే అన్నట్టు ఊరుకున్నాయి. అతని చుట్టూ యాభై మీటర్ల దూరంలో తాడు కట్టారు. తాడు ఇవతల సభ్యులిద్దరూ గొడుగుల కింద కూర్చుని, సూపర్‌జూమ్‌తో అతని చెవి తీసి, మిర్రర్‌లెస్‌తో జిల్లా అంతా తీసి, దెబ్బలాడుకునేవారు. పక్షులకి గుర్తింపు కోసం కాలికి వేసే అల్యూమినియం కడియం అతనికీ వేశారు.

"ఇది ఎందుకండీ?" అని అడిగాడు తవిటినాయుడు.

"నీవు సైబీరియా వెళ్ళినచో గుర్తించుటకు," అన్నారు సంచాలకులు.

మధ్యాహ్నం తల్లి క్యారేజీ పట్టుకొస్తే వాచ్‌మన్ ఆపేశాడు. "ప్రైవేటోళ్ళు పక్షులకి మేత ఎట్టకూడదమ్మా. బోర్డు సూడు." ఆవిడ "ఓలమ్మో, నా కొడుకు పచ్చేటిరా నీ దినం సెయ్య!" అని తిట్టిపోసినా లాభం లేకపోయింది. మండలే అతనికి అధికారికంగా ఆహారం మంజూరు చేసింది, పచ్చి చేపలు. వేయించి పెట్టమని తవిటినాయుడు అర్జీ పెట్టుకుంటే, వేయించిన చేప తినే పక్షిజాతి ఏదీ రికార్డుల్లో లేదని తిప్పి పంపారు. పని వేళలు దాటాక సొంత పూచీ మీద వేయించుకోవచ్చని దయతలిచారు.

ఇదంతా సర్దుకున్నాడు. అతని ప్రాణమంతా ముహూర్తం మీదే ఉంది. మాఘం దగ్గర పడుతోంది గనక పెళ్ళికి సెలవు పెట్టాడు.

సంచాలకులు ఆ కాగితం చాలాసేపు తిరగేసి, "పక్షులకు సెలవు నిబంధనలు లేవు," అన్నారు.

"అయ్యా, పెళ్ళండీ! నాదే పెళ్ళి!"

"అది మరింత జటిలము. వివాహమనగా ప్రైవేటు కుటుంబము వారు నిన్ను తమ స్వాధీనమునకు తీసుకొనుట. పక్షులను పట్టుకొనరాదు, తరలించరాదు. రెండవ నియమము స్పష్టము. నాకును పెండ్లి అయినది, నాయుడూ. పట్టుకొనుట అన్న మాటకు అంతకు మించిన అర్థము నాకు తెలియదు."

"మరి కెమెరా ఎప్పుడు తేలుతుందండీ?"

"తులనాత్మక పరిశీలన తొందరపడునది కాదు."

ఈ వార్త మామగారు సత్తెంనాయుడి దాకా వెళ్ళింది. ఆయన కల్లాపు నీళ్ళంత నిజాయితీ గల మనిషి, మనసులో ఉన్నది గుమ్మంలోనే కుమ్మరిస్తాడు. అల్లుడి ఉద్యోగం కళ్ళారా చూద్దామని వచ్చి, తాడు దగ్గర నిలబడి, బురదలో కొంగల మధ్య నిలబడ్డ మేనల్లుణ్ణి చూశాడు. కాలికి కడియం చూశాడు. పక్కన తాటాకు బుట్టలో పచ్చి చేపలు చూశాడు.

"ఏరా అల్లుడూ! ఆఫీసు ఉద్యోగమన్నావు, ఇదేటిరా?" అని యాభై మీటర్ల నుంచి కేకేశాడు.

"మావయ్యా, కొన్నాళ్ళేనే! కెమెరాలు తేలిపోతే మళ్ళీ మనిషినైపోతాను!"

"నాకు తెలీదురా. పెళ్ళికి ముందురోజు పొద్దుటికల్లా మనిషివై ఇంటికొచ్చీసినావా, సరే. లేదంటే ఈ సమ్మంధం లేదు. మనిషికి పిల్లనిత్తాను గానీ పచ్చికి ఇయ్యను. మా వొంశంలో లేదు!"

సత్తెంనాయుడు వెళ్ళిపోయాక తవిటినాయుడికి నిజంగానే ఏడుపొచ్చేసింది. తుడుచుకుందామంటే భంగిమ మారుతుందని వైకుంఠం గారు అరుస్తారు. అలాగే నిలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు సూపర్‌జూమ్‌లో త్రివిక్రమరావు గారికి కనబడింది.

"అరెరె, పక్షి కంట నీరు!" అన్నారాయన.

వైకుంఠం గారు తొంగిచూసి పెదవి విరిచారు. "కన్నీరు కాదండీ. మీ చిన్న సెన్సరు లోపం. వెలుతురు తగ్గితే ఇలాంటి చుక్కలే పడతాయి."

"చుక్క బుగ్గ మీదికి జారుతోందండీ!"

"లోపం ముదురుతోందన్నమాట. మా దాంట్లో చూడండి, కన్నీరు లేదు."

"మీ దాంట్లో మనిషే లేడు!"

"మనిషే లేనప్పుడు ఇక కన్నీరెక్కడిది?"

దీని మీద రెండు రోజులు వాదన జరిగింది. అది కన్నీరో లోపమో తేల్చడానికి పక్షి మరోసారి ఏడవాలని కమిటీ కోరింది. తవిటినాయుడు ఆ విషయంలో మాత్రం వాళ్ళకి ఏ లోటూ రానివ్వలేదు.

పెళ్ళి ఇంకా మూణ్ణాళ్ళుందనగా గేటు దగ్గర బస్సు ఆగింది. విజిల్ గట్టిగా వినబడింది. నీలవేణి ఖాకీ చొక్కాతో, భుజాన సంచీతో దిగి, "ఐదు నిమిషాలండీ, ఎవరూ దిగొద్దు" అని బస్సులోకి కేకేసింది. అలా అన్నాక ఎవరు ఆగుతారు? జనమంతా బిలబిలా దిగి ఆమె వెనకాలే వచ్చారు. బీల గట్టు మీద సంచాలకులు, ఇద్దరు సభ్యులు గొడుగుల కింద కొబ్బరినీళ్ళు తాగుతున్నారు.

"బాబుగారూ, అదిగో ఆ నిలబడినాయన మనిషా, పచ్చా?" అని అడిగింది నీలవేణి.

"ఉత్తర్వుల ప్రకారము పక్షి," అన్నారు చిదానందం గారు.

"సంతకం ఎట్టినారా?"

"ముద్రతో సహా."

"పచ్చికున్న నియమాలన్నీ ఆయనకి వర్తిస్తాయా? రెండే వర్తిస్తాయా?"

"అన్నియును. మండలి పక్షపాతరహితమైనది."

"అయితే మూడోది సదవండి బాబూ."

సంచాలకులు జేబులు తడుముకున్నారు. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడోది ఏమిటో ఎవరికీ గుర్తులేదు. చివరికి నీలవేణే, స్టాపుల పేర్లు చదివినంత గట్టిగా, బస్సు జనమంతా వినేలా చదివింది. "జతకట్టి గూడు పెట్టుకున్న పక్షులకు, పిల్లలు ఎగిరిపోయేదాకా, ఏ విధమైన ఆటంకమూ కలిగించరాదు!"

"జతకట్టినట్లు సాక్ష్యమేదీ?" అన్నారు వైకుంఠం గారు.

"మూడు రోజులాగి మా ఇంటికి రండి. రెండు కెమెరాలూ తెచ్చుకోండి. కావలసినంత సాచ్చికం."

"కానీ పక్షిని తరలించరాదు గదా," అన్నారు త్రివిక్రమరావు గారు.

"ఎవులండీ తరలిస్తన్నది? అది దానంతటదే ఎగిరొస్తాది. గూడు ఏ సెట్టుకి కట్టుకోవాలో కొంగలకి మీ ఆఫీసు సెప్తాదేటి?"

"పట్టుకొనరాదు కూడా," అని గొణిగారు సంచాలకులు.

"నాను పట్టుకోనండీ. వచ్చి వాలితే ఒద్దనను."

బస్సు జనం ఘొల్లుమన్నారు. బురదలో నిలబడ్డ తవిటినాయుడు చెవులదాకా ఎర్రబడ్డాడు.

చిదానందం గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నియమాన్ని నియమంతో కొట్టేవాళ్ళు దొరక్క ఉద్యోగమంతా ఒంటరిగా గడిపిన మనిషి. కళ్ళు తెరిచేసరికి ఆ ముఖంలో పండగ కళ వచ్చింది. "భేష్! మూడవ నియమము మొదటి రెండింటికంటె బలీయము. పక్షి స్వేచ్ఛగా తన గూటికి వెళ్ళుటకు ఆటంకము లేదు. కమిటీ వెంబడించి తులనాత్మకముగా నమోదు చేయవలెను."

తవిటినాయుడు ఆ మాట పూర్తయ్యేలోపే బురదలోంచి కాళ్ళు పెరుక్కుని పరుగెత్తాడు. తాడు దాటుతుంటే కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. అలా బురదకాళ్ళతోనే బస్సెక్కి నిలబడ్డాడు.

"టిక్కెట్టు," అంది నీలవేణి చెయ్యి చాపి.

"నాకేటే?"

"ఉత్తర్వు ఇంకా రద్దవలేదు బావా. పచ్చులకి లగేజీ టిక్కెట్టు."

పెళ్ళికి ముందురోజు సత్తెంనాయుడు అల్లుణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, నుదురు తడిమి, చెయ్యి తడిమి, పళ్ళెం నిండా అన్నం పెట్టి వేయించిన చేప వడ్డించి చూశాడు. పళ్ళెం ఖాళీ చేసిన తీరు చూసి మనిషేనని తృప్తిపడ్డాడు. కడియం మాత్రం ఎంత లాగినా రాలేదు. పీటల మీద మట్టెలు తొడిగే వేళకి నీలవేణి అది చూసి, "నాకు రెండు, నీకొకటి, సరిపోయింది" అని కిసుక్కున నవ్వింది.

కమిటీ టంచనుగా వచ్చింది. పందిరికి యాభై మీటర్ల దూరంలో సత్తెంనాయుడు తనే దగ్గరుండి తాడు కట్టించాడు. సంచాలకులు తాడు ఎత్తి లోపలికి అడుగు పెట్టబోతే కర్ర అడ్డం పెట్టాడు.

"తప్పండి. పచ్చులున్నాయి లోపల. మొదటి నియమం."

ముగ్గురూ తాడు అవతల, ఎండలో, బూందీ లడ్డూల వాసన పీలుస్తూ నిలబడ్డారు. వాళ్ళు పెట్టిన నియమమే గనక నోరెత్తడానికి లేదు. కాసేపటికి సత్తెంనాయుడికే జాలేసింది. విస్తళ్ళు పంపించాడు. "ప్రైవేటోళ్ళు పచ్చులకి ఎట్టకూడదన్నారు. ఆఫీసర్లకి ఎట్టకూడదని లేదు కదేటి" అన్నాడు.

తాళి కట్టే వేళకి రెండు కెమెరాలూ క్లిక్కుమన్నాయి. సూపర్‌జూమ్‌లో పెళ్ళికొడుకు చెవి ఒక్కటే పడింది, దాని మీద తలంబ్రాల గింజ ఒకటి. మిర్రర్‌లెస్‌లో పందిరి, ఊరు, వెనకాల కొండ, కొండ మీద ఆకాశం, అన్నీ అద్భుతంగా పడ్డాయి. మధ్యలో పసుపురంగు ఆవగింజ ఒకటి ఉంది. అదే పెళ్ళని వైకుంఠం గారు వేలు పెట్టి చూపించారు. ఆ రెండు బొమ్మలూ తర్వాత మండలివారి కానుకగా వచ్చాయి. నీలవేణి రెంటినీ పక్కపక్కనే తగిలించి, రెండూ కలిపితే ఒక మొగుడని వచ్చినవాళ్ళకి చూపిస్తుంటుంది.

అక్షింతలు అయ్యాక సంచాలకులు తాడు మీదుగా గొంతెత్తారు. "అమ్మా! పక్షి బీలయందు విధులకు తిరిగి ఎన్నడు హాజరగునో తెలుపవలెను!"

పీటల మీంచే నీలవేణి కండక్టరు గొంతుతో జవాబిచ్చింది. "పిల్లలు ఎగిరిపోయేదాకా ఆటంకం ఎట్టకూడదు కదండీ!"

సంచాలకులు కాసేపు లెక్క వేసుకున్నారు. "మానవ శిశువులు ఎగురుదురా?"

"మా పిల్లలు ఎగరరండీ!"

"అట్లయిన పక్షి శాశ్వతముగా గూటియందే హాజరులో ఉన్నట్లు భావించవలసియుండును. బీలయందు నిలుచుటకు పిలువరాదు. బల్ల వద్ద కూర్చుండి ఫైళ్ళు చూచుట ఆటంకము క్రిందకు రాదనుకొందును." ఆ మాటతో తవిటినాయుడి మీది బురద మొత్తం ఒక్కసారిగా కడిగినట్టయింది.

త్రివిక్రమరావు గారు జూమ్ లాగి చూస్తున్నారు. "నవ్వుతున్నాడండోయ్," అన్నారు.

"సెన్సరు లోపం," అన్నారు వైకుంఠం గారు. "మా దాంట్లో నవ్వు లేదు."

"ఈసారి పళ్ళు కూడా కనబడుతున్నాయి!"

"పెద్ద లోపం."

చిదానందం గారు విస్తరి పక్కన పెట్టి, ఇద్దరి కెమెరాలూ చేత్తో కిందికి దింపి, వట్టి కళ్ళతో పందిరివైపు చూశారు. అక్కడ తవిటినాయుడు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. తాడు దగ్గరికే కాదు, రోడ్డు మీద ఆగిన బస్సుకి కూడా కనబడేంత నవ్వు. ఆయనకీ నవ్వొచ్చింది. ఉద్యోగంలో చేరాక ఆయన నవ్వడం అదే మొదలు.

"కనబడిందా సార్? మరి నివేదికలో ఏమని రాయమంటారు?" అని అడిగారు సభ్యులిద్దరూ.

"కంటితో చూచినది పోలికకు పనికిరాదు," అని చిదానందం గారు ఇంకో లడ్డూ తీసుకున్నారు.